మొక్క పేరు మిగిలింది, చూపించిన మనిషి పేరు పోయింది

(జీఎస్-1 ఆధునిక చరిత్ర, జీఎస్-3 పర్యావరణం)

వలస కాలపు మొక్కల సేకరణపై ప్రశ్న వస్తే మనలో చాలామంది 'బయోపైరసీ' అని రాసి పాయింట్ ముగిస్తాం. ఆ మాట మొక్క ఎటు పోయిందో చెబుతుంది. ఎవరి తెలివితో దొరికిందో చెప్పదు. నా దృష్టిలో ఆ రెండో ప్రశ్నే ముఖ్యం.

ముందు నేపథ్యం. లండన్ హార్టికల్చరల్ సొసైటీ 1804లో ఏర్పడింది. 1821లో జాన్ పాట్స్‌ను బెంగాల్, చైనాలకు, 1843లో రాబర్ట్ ఫార్చ్యూన్‌ను చైనాకు పంపింది. ఫార్చ్యూన్ జీతం ఏడాదికి 100 పౌండ్లు. అతను సేకరించిన మొక్కలు, విత్తనాలు సొసైటీ సొత్తు. ఒప్పందం స్పష్టంగానే ఉంది. కానీ అక్కడ దారి చూపినవాళ్లకు, మొక్కలు పెంచి అమ్మిన తోటమాలులకు అందులో చోటు లేదు.

మన ప్రాంతంలోనూ ఇదే తీరు. 1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో మొక్కల తెలుగు పేర్లు శ్రద్ధగా రాసుకున్నాడు. మన 'సోమిడ' చెట్టు పేరే తర్వాత 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ ప్రజాతి నామమైంది. ఆ పేరు చెప్పిందెవరో మాత్రం పుస్తకాల్లో దొరకదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 1835లో ఏర్పడిన మద్రాస్ అగ్రి-హార్టికల్చరల్ సొసైటీలో పనిచేసిన రాబర్ట్ వైట్, మొక్కల బొమ్మలను రంగయ్య, గోవిందు అనే చిత్రకారులతో వేయించాడు. అచ్చైన బొమ్మల కింద వాళ్ల పేర్లు వేశాడు. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి 'గోవిందూయియా' అని పేరు పెట్టాడు. తర్వాతి వర్గీకరణలో అది ట్రోపిడియాలో కలిసిపోయింది. అయినా ఆ కాలంలోనూ మనిషి పేరు రాయడం సాధ్యమేనని ఇది రుజువు చేస్తుంది.

"శాస్త్రం అందరిదీ, మొక్కలు అటూ ఇటూ తిరిగాయి" అనే వాదన ఉంది. నిజమే. మన వంటలో మిరప, బంగాళాదుంప అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ఇక్కడ బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో నీడనిచ్చే గుల్‌మొహర్ మడగాస్కర్ చెట్టు. కాబట్టి మొక్కలు కదలడాన్ని నేను తప్పుపట్టను. లెక్క రాసేటప్పుడు ఒక వర్గం పేరు వదిలేయడమే అన్యాయం.

ఇది పాత కథ కూడా కాదు. 2002 జీవవైవిధ్య చట్టం లాభాల్లో స్థానికులకు వాటా ఇచ్చింది. 2023 సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునే దేశీయులకు ఆ భారం నుంచి మినహాయింపు ఇచ్చింది. పరిశ్రమకు సౌలభ్యం అవసరమే. కానీ గ్రంథంలోకి ఎక్కిన జ్ఞానం కూడా ఒకప్పుడు ఎవరి నోటనుంచో వచ్చిందే. బిలాస్‌పుర్‌కు దగ్గర్లోని అచానక్‌మార్ అడవిలో బైగాలు ఉన్నారు. వాళ్లకు తెలిసిన వేరు, బెరడు రేపు పుస్తకంలోకి ఎక్కితే, వాళ్ల వాటా అక్కడితో ఆగిపోవాలా?

ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో స్థానిక వైద్యుల వివరాలు రాసే చోటు ఉంది. చెప్పినవారి అనుమతితో ఆ పేరు నమోదై, పరిశోధన నుంచి పేటెంట్ దాకా, లాభం పంచే దాకా వెంట రావాలి. రంగయ్య, గోవిందుల పేర్లు నిలవడం ఒక వ్యక్తి మంచితనం వల్ల జరిగింది. బైగాల పేర్లు నిలవడం చట్టం వల్ల జరగాలి.