తుపాకి లైసెన్సు, ఆసుపత్రి కాగితం

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ ఎందుకు రాయాలో చెప్పుకున్నాం. అది చదివిన సభ్యులొకరు, "ఎప్పుడూ డబ్బు సంగతులే రాస్తారు, ఆ డబ్బుకు కాపలా కాసేవాడి సంగతి ఒక్కసారైనా రాశారా?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. కనుక ఈసారి బ్యాంకు గుమ్మంలో నిలబడే మనిషి కథ.

మన జార్జి టౌన్‌లో తుపాకి అంటే గార్డు భుజాన వేలాడే రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకే. ఏజెన్సీల ద్వారా వచ్చే గార్డుల్లో చాలామందికి ఆ తుపాకి సొంతం. మిలిటరీ నుంచి దిగాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి కొనుక్కుంటారు. లైసెన్సు ఉంటే గన్‌మన్ జీతం, లేకపోతే వాచ్‌మన్ జీతం. అంటే ఆ చిన్న పుస్తకమే వాళ్ళ పొట్టకూడు.

నేను టౌన్‌లో ఒక శాఖలో పనిచేస్తున్నప్పుడు మాకొక హవల్దారుగారు ఉండేవారు. ప్రకాశం జిల్లా మనిషి. వయసులో నాకంటే చిన్నే అయినా అందరం "హవల్దారుగారూ" అనే పిలిచేవాళ్ళం. 2021లో కరోనా రెండో విడత ఆయన ఒక్కగానొక్క కొడుకును తీసుకుపోయింది. ఆ తరువాత మనిషికి నిద్ర పోయింది, తిండి పోయింది. ఒకరోజు రాత్రి తుపాకి ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారట. ఆయన భార్య చదువుకోలేదు గాని ధైర్యం గల మనిషి. తెల్లవారగానే తుపాకి తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో అప్పగించి, బంధువుల సాయంతో ఆయన్ను మానసిక వైద్యశాలలో చేర్చింది. ఆయన రానంటే రానన్నారు. అయినా చేర్చారు. పంతొమ్మిది రోజులు ఉంచారు.

ఇంతవరకు జరిగిందంతా సరిగ్గానే జరిగిందని నా అభిప్రాయం. అటువంటి రాత్రి ఇంట్లో తుపాకి ఉండకూడదు. ఎవరి హక్కూ దానికంటే పెద్దది కాదు.

చిక్కు తరువాత వచ్చింది. ఆయన మందులు వాడారు, కోలుకున్నారు, ఆరు నెలలకు మామూలు మనిషయ్యారు. ఈలోగా లైసెన్సు రద్దయిపోయింది. ఉత్తర్వులో కారణం ఒక్కటే వాక్యం: మానసిక వైద్యశాలలో చేరినందున మతిస్థిమితం లేని వ్యక్తిగా భావించడమైనది. ఆ కాగితం పట్టుకుని ఆయన నా సీటు దగ్గరికి వచ్చి, "సార్, జీతం సంగతి తరువాత. ఇరవై రెండేళ్ళు సర్కారు ఇచ్చిన రైఫిల్ మోశాను. ఇప్పుడు అదే సర్కారు నన్ను పిచ్చివాడని రాసిచ్చింది" అన్నారు.

చెన్నపట్నంలో ఈ మాట ఎంత బరువో నేను వేరే చెప్పనక్కర్లేదు. కీల్పాక్ ఆసుపత్రికి మూలం 1794 నాటిది, ఇప్పుడున్న చోటికి వచ్చి కూడా నూటయాభై ఏళ్ళు దాటింది. లక్షల మందికి వైద్యం చేసిన ఆసుపత్రి పేరును మనం మాత్రం సరదా తిట్టుగా వాడుకుంటున్నాం. "నిన్ను కీల్పాక్‌లో చేర్చాలి" అని అననివాళ్ళు ఎవరున్నారు?

తంబుచెట్టి వీధిలో మేడ మీద కూర్చునే ఒక వకీలుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెప్పినది నాకు బ్యాంకు భాషలో ఇలా అర్థమైంది.

1959 నాటి ఆయుధాల చట్టం మతిస్థిమితం లేనివారికి లైసెన్సు ఇవ్వకూడదంటుంది. ఇచ్చాక అటువంటి పరిస్థితి వస్తే 17వ సెక్షన్ కింద నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. చెన్నైలో ఆ అధికారం పోలీసు కమిషనరుది, జిల్లాల్లో కలెక్టరుది. అయితే ఆసుపత్రిలో చేరడమూ, మతిస్థిమితం లేకపోవడమూ ఒకటేనా? కాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. గతంలో చికిత్స పొందారన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బు ఉందని తేల్చకూడదు. జబ్బు ఉందని తేలినా, తగిన కోర్టు ప్రకటిస్తే తప్ప ఆ జబ్బు వల్లనే మతిస్థిమితం లేనివాడని అనుకోకూడదు. హవల్దారుగారి విషయంలో ఏ కోర్టూ ఏమీ ప్రకటించలేదు. 89వ సెక్షన్ కింద, రోగి ఒప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, ముప్పై రోజులకు మించకుండా చేర్చుకున్నారు. అంతే జరిగింది.

మా లెక్కల్లో అయితే మొండి బాకీ ఖాతా కూడా బకాయి అంతా కట్టేస్తే మళ్ళీ మంచి ఖాతా అవుతుంది. మనిషికి ఆపాటి సౌకర్యం ఉండవద్దూ!

వకీలుగారు మూడు పనులు చేయించారు. రద్దుకు కారణాలేమిటో వ్రాతపూర్వకంగా ఇమ్మని అడిగించారు. అడిగితే క్లుప్తంగానైనా ఇవ్వాలని ఆయుధాల చట్టంలోనే ఉంది. ఆసుపత్రి నుంచి వైద్య రికార్డులు తెప్పించారు. అవి పొందడం రోగి హక్కు. మూడోది, వైద్యం చేసిన డాక్టరుతో ఇప్పటి పరిస్థితిపై సర్టిఫికెట్ రాయించారు. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం కొత్తగా దరఖాస్తు చేసుకునేవారు కూడా శారీరక, మానసిక ఆరోగ్యం మీద డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి కనుక, అడగకముందే పెట్టడం మంచిదన్నారు. ఇవన్నీ జతచేసి 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు. ఈ అప్పీలుకు గడువు ఉంటుంది, కాగితం బీరువాలో పెట్టి ఏడుస్తూ కూర్చుంటే అది దాటిపోతుంది. అక్కడా పని కాకపోతే రిట్ వేయడానికి హైకోర్టు ఎదురుగానే ఉంది. హవల్దారుగారికి ఆ ఎర్ర మేడ ఎక్కే అవసరం రాలేదు. తిరిగి పరిశీలించమని పై అధికారి వెనక్కి పంపారు. పద్నాలుగు నెలలు పట్టింది గాని లైసెన్సు వచ్చింది.

వచ్చిన నాటి సాయంత్రం ఆయన భార్య నాతో అన్న మాట ఇది. "అన్నయ్యగారూ, ఆ కాగితం మీద మచ్చ పోవాలని మీ వెంట తిరిగాను గాని, ఆ తుపాకి మళ్ళీ నా గడప తొక్కడానికి కాదు." హవల్దారుగారు వాదించలేదు. 21వ సెక్షన్ కింద అప్పగించిన తుపాకిని అర్హత రాగానే తిరిగి తీసుకోవచ్చు, లేదా చట్టప్రకారం అమ్ముకోవచ్చు. నియమిత కాలంలో రెండూ చేయకపోతే సర్కారు జప్తు చేసుకోవచ్చు. ఆయన లైసెన్సున్న డీలరుకు అమ్మేశారు. ఇప్పుడు ఒక గోడౌన్లో తుపాకి లేని కాపలా. జీతం తక్కువే. లైసెన్సు పుస్తకం మాత్రం కొడుకు ఫొటో పక్కన పెట్టుకున్నారు.

అమెరికాలో పిల్లలున్నవారు అక్కడి సంగతీ తెలుసుకోవాలి. తుపాకి కొనడం అక్కడ తేలిక, పోగొట్టుకుంటే రావడం కష్టం. కాలిఫోర్నియాలో తనకో ఇతరులకో ప్రమాదమని డెబ్బై రెండు గంటల పట్టులో ఆసుపత్రిలో చేర్చుకుంటే అయిదేళ్ళు తుపాకి ముట్టరాదు. కోర్టులో విచారణ కోరవచ్చు. నిర్బంధంగా ఆసుపత్రికి అప్పగించినట్టు ఉత్తర్వు ఉంటే కేంద్ర చట్టం ప్రకారం నిషేధం జీవితాంతం. మినహాయింపు కోరే దారి చట్టంలో ఉన్నా, దానికి 1992 నుంచి చాలా ఏళ్ళపాటు అక్కడి పార్లమెంటు డబ్బు ఇవ్వలేదు. 2007 చట్టం తరువాత కొన్ని రాష్ట్రాలు సొంత ఏర్పాట్లు చేసుకున్నాయి. మిషిగన్‌లో ఒక పెద్దాయన, 1980లలో విడాకుల దుఃఖంలో నెల కూడా నిండని ఆసుపత్రి వాసం కారణంగా, దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత కూడా తుపాకి కొనలేకపోయారు. ఆయన దావాను అలా తోసిపుచ్చడం కుదరదని అప్పీలు కోర్టు 2016లో చెప్పింది.

మన చట్టంలో ఇన్నేళ్ళని లెక్క లేదు. అది మంచిదే, ప్రమాదమూ అదే. ఆరు నెలలకు బాగుపడినవాడు అయిదేళ్ళు ఆగనక్కర్లేదు. కాని అధికారి ఒక్క వాక్యంతో తేల్చేస్తే, అడిగే ఓపిక లేనివాడికి అది యావజ్జీవమే. ఇంకొక నష్టం కూడా ఉంది. ఆయన సంగతి తెలిశాక టౌన్‌లోని మరో గార్డు, నిద్ర పట్టడం లేదని భార్య పోరుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. "లైసెన్సు పోతుంది సార్" అన్నాడు. పైన రాసిన సెక్షన్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి అతనికిచ్చాను. మీకు తెలిసిన గార్డులెవరైనా ఉంటే మీరూ ఇవ్వండి.

ఇక, "తరఫు ప్రతినిధి" అన్నాను కదా. బ్యాంకు నామినీ లాగానే, మనకు ఒంట్లో బాగుండి మనసు నిలకడగా ఉన్నప్పుడే ఆ పేరు రాసి పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో చాలు. అందులో ఏమేమి రాయాలో వచ్చే సంచికలో.