ఇంజను పెద్దదైతే సరా?

మొన్న విరామ సమయంలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వాళ్ళ అన్నయ్య ఫోనులో నాకొక బొమ్మ చూపించాడు. అమెరికా కారు. ముందు మూత కోసేసి ఉంది. అందులోంచి ఇంజను ఎద్దు మూపురంలా పైకి పొడుచుకొచ్చింది. "ఇలాటిది మనూళ్ళో సెయ్యలేమేటి మాస్టారూ?" అని అడిగాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక బండి కోసం పుట్టిన ఇంజనును ఇంకో బండికి బిగించడం మన ఊళ్ళలో ఏనాటినుంచో జరుగుతోంది. మీరూ చూసే ఉంటారు, గమనించి ఉండరు.

ఈసారి కళింగపట్నమో, భావనపాడో, చింతపల్లి తీరమో వెళ్ళినప్పుడు అలలకేసి కాకుండా పడవల వెనక భాగంకేసి చూడండి. పూర్వం మన మత్స్యకారులకు దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పలుండేవి. తెరచాపతోనూ తెడ్లతోనూ నడిచేవి. ఇప్పుడు ఫైబరు పడవలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి వెనక ఒక చిన్న డీజిల్ ఇంజను, దానికి పొడుగాటి ఇనుప కడ్డీ, ఆ కడ్డీ చివర పంకా ఉంటాయి. ఆ ఇంజను సముద్రం కోసం పుట్టినది కాదు. పొలంలో నీళ్ళు తోడే ఇంజన్ల జాతిది. మన తీరంలో చాలా ఊళ్ళకు జెట్టీలు లేవు. పడవ అలలను దాటుకుని నేరుగా ఇసుక మీదికే రావాలి. పంకా పడవ అడుగున బిగించి ఉంటే ఇసుకలో దిగబడి విరిగిపోదూ? అందుకని ఇంజను మొత్తాన్ని ఒక ఇరుసు మీద నిలబెట్టారు. ఒడ్డు దగ్గర పడగానే కడ్డీని నీళ్ళలోంచి పైకెత్తేస్తారు. ఇంజను ఎంత పెద్దదన్న ప్రశ్న కన్నా ముందు, ఆ పడవ ఎక్కడ తిరగాలి, ఎలా ఆగాలి అన్నది ఆలోచించిన తరవాత చేసిన పని అది. నాకు ఆ అమెరికా కారు కంటే ఇదే గొప్పగా తోస్తుంది.

"పెద్ద ఇంజను" అన్న మాటలోనే ఒక తిరకాసు ఉంది. పొలాల్లో కనబడే 5 అశ్వశక్తుల డీజిల్ ఇంజను బరువు వంద కిలోలకు పైమాటే. సిలిండరు సుమారు 550 ఘనపు సెంటీమీటర్లు. మీ ఇంటి ముందున్న మోటారు సైకిలు సిలిండరు 100 ఘనపు సెంటీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. అయినా దాని శక్తి దాదాపు 8 అశ్వశక్తులు! అంత చిన్నది అంత పెద్దదాన్ని ఎలా మించింది? పంపుసెట్టు ఇంజను నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. మోటారు సైకిలు ఇంజను 8000 సార్లు. శక్తి అంటే తిప్పే బలం ఒక్కటే కాదు, తిరిగే వేగంతో దాన్ని హెచ్చించగా వచ్చినది. తిప్పే బలం మాటకొస్తే పంపుసెట్టుదే పైచేయి. సుమారు మూడు రెట్లు. అందుకే అది నిదానంగా, అలుపు లేకుండా బరువు లాగుతుంది. మోటారు సైకిలు ఇంజను గేర్ల సాయం లేకుండా ఆ పని చెయ్యలేదు. ఈ తేడా తెలియకుండా "నా ఇంజను పెద్దది" అనడం, ఏనుగు గొప్పదా చిరుత గొప్పదా అని తగువులాడుకోవడం వంటిదే.

ఇక ఆ బొమ్మలోని కారు సంగతి. దాన్ని హాట్ రాడ్ అంటారు. 1930లలో కాలిఫోర్నియా కుర్రవాళ్ళు పాత ఫోర్డు కార్లను చవగ్గా కొని, అక్కర్లేని రేకులన్నీ ఊడబీకి, ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేసుకునేవారు. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో కారు తెచ్చింది. దాని శక్తి 65 అశ్వశక్తులు. వెనకటి టీ మోడలు కారుకున్నవి 20 మాత్రమే. కొత్త ఇంజను తీసి పాత తేలికబండిలో పెడితే అది ఎలా ఉరికి ఉంటుందో ఊహించుకోండి. అయితే బొమ్మల్లో కనబడని సంగతి ఒకటుంది. 1938 వరకు ఫోర్డు కార్ల బ్రేకులు యాంత్రికంగా లాగే రకం. 1939లో ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు వచ్చాయి. ఆ కుర్రవాళ్ళలో తెలివైనవాళ్ళు ఆ బ్రేకులను కూడా తెచ్చి తమ పాత బళ్ళకు బిగించుకున్నారు. ఎవరైనా ఫొటో తీసేది ఇంజనునే. బ్రేకు డ్రమ్మును ఎవరు తీస్తారు?

వీళ్ళకంటే ముందే బ్రిటనులో ఇంకా పెద్ద సాహసం జరిగింది. పారీ థామస్ అనే వెల్ష్ ఇంజనీరు 'బాబ్స్' అనే కారు నడిపాడు. అందులో ఉన్నది విమానం ఇంజను. పేరు లిబర్టీ, పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు. అంటే మీ ఇంటి మోటారు సైకిలు ఇంజన్లు ఓ 270 కలిపినంత. 1926లో వేల్స్ తీరంలోని పెండైన్ ఇసుక మీద గంటకు సుమారు 275 కిలోమీటర్ల వేగంతో రికార్డు సృష్టించాడు. 1927 మార్చి 3న అదే ఇసుక మీద కారు బోల్తాపడి చనిపోయాడు. కారును అక్కడే ఇసుకలో పాతిపెట్టారు. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగు అధ్యాపకుడు దాన్ని తవ్వితీసి మళ్ళీ నడిచేలా చేశాడు. ఒక పంతులు ఆ పని చేశాడంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది లెండి. చాలాకాలం గొలుసు తెగడం వల్లనే ప్రమాదం జరిగిందనుకున్నారు. తవ్వితీశాక పరిశీలించినవారు వెనక చక్రం విఫలమై ఉంటుందని భావించారు. ఏదైనా కానివ్వండి, ఓడిపోయింది ఇంజను కాదు, దానిని మొయ్యవలసిన భాగం.

ఇప్పుడు నేను మీకు ఇష్టం లేకుండానే ఒక విషయం చెప్పాలి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు పదో తరగతి తప్పి, మెకానిక్కు షెడ్డులో చేరాడు. చేతిలో మంచి పనితనం ఉంది. తొక్కుడు బండికి పాత స్కూటరు ఇంజను బిగించి ఉద్దానం వైపు కొబ్బరికాయలు తోలేవాడు. ఊరంతా మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ బండికి బ్రేకు మాత్రం ముందు చక్రానికి ఉన్న పాత రబ్బరు ముక్కలే. ఒకరోజు కాలవ వంతెన దిగుతూ ఆపలేకపోయాడు. కాలు రెండుచోట్ల విరిగింది. ఆస్పత్రికి వెళ్తే నన్ను చూడగానే అడిగిన మాట: "ఇంజనుకేటీ అవ్వలేదు కదా మాస్టారూ?"

లెక్క చూడండి. బండీ సరుకూ మనిషీ కలిపి 300 కిలోలనుకుందాం. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తొక్కితే దాని గతిజశక్తి సుమారు 1,150 జౌళ్ళు. ఇంజనుతో 30 కిలోమీటర్ల వేగం వస్తే 10,400 జౌళ్ళు. వేగం మూడు రెట్లు, శక్తి తొమ్మిది రెట్లు. అంత శక్తినీ ఆ రబ్బరు ముక్కలే వేడిగా మార్చి ఖర్చు పెట్టాలి. వెనకటి పట్టే పడితే, ఒక మీటరులో ఆగే బండి తొమ్మిది మీటర్లు పోతుంది. ఈ సూత్రం నేనతనికి చెప్పాను. రెండు మార్కుల ప్రశ్న అని, తప్పకుండా వస్తుందని చెప్పాను. అది బ్రేకుల సంగతి అని మాత్రం చెప్పలేదు.

చట్టం సంగతికొస్తే, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. ఆ నిబంధన సబబైనదే. కాని "వద్దు" అనడంతో మన పని అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు. మన దేశంలో మెకానిక్కులు బుల్లెట్టు మోటారు సైకిళ్ళకు డీజిల్ ఇంజన్లు బిగించేవారు. 1990లలో రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీయే 325 ఘనపు సెంటీమీటర్ల డీజిల్ ఇంజనుతో 'టారస్' అనే బండి తయారుచేసి అమ్మింది. శక్తి 6.5 అశ్వశక్తులే; పెట్రోలు బుల్లెట్టులో మూడో వంతు. అయినా తక్కువ నూనెతో ఎక్కువ దూరం పోతుందని పల్లెల్లో కొన్నారు. షెడ్డులో పుట్టిన ఆలోచనకు కొలతలూ పరీక్షలూ తోడైతే అది దొంగచాటు పని కానక్కర్లేదన్నమాట. మన ఐటీఐలూ పాలిటెక్నిక్కులూ వారానికొక పూట తలుపులు తెరిచి, ఊళ్ళో మెకానిక్కులు చేసిన బండిని తూచి, ఆపి, కొలిచి, ఎక్కడ లోపముందో చెబితే ఏం పోయింది? వాళ్ళకు కావలసినది మందలింపు కాదు, ఒక తూనికా ఒక కొలబద్దా.

ఆ కుర్రవాణ్ణి గత నెల బడికి పిలిచాను. హెడ్మాస్టరుగారు కుర్చీ వేయించారు. అతను అందులో కూర్చోలేదు. గోతాంలోంచి ఒక స్కూటరు బ్రేకు డ్రమ్ము తీసి, వరండాలో కాలు చాపుకుని కూర్చుని, ఒక్కొక్క భాగం విప్పి పిల్లల చేతికిచ్చాడు. ఫోనులో కారు చూపించిన కుర్రవాడు అరిగిన లైనింగును వేలితో తడుముతూ, ఇది ఎన్ని కిలోమీటర్లకు ఇలా అరుగుతుందని అడిగాడు. దానికి జవాబు నాకూ తెలియదు. అతనికి తెలుసు.