ఉంగరాల జుట్టు మరల మొలచునప్పుడు

తలనూనెల పాకములు, చుండ్రునకు చిట్కాలు ఇట్టి శీర్షికలలో తఱుచుగా కానవచ్చు విషయములు. ఈ నెల మేము వ్రాయబూనినది వేఱొకటి. పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టును మందులతో సాపుచేయించుకొని, కొన్నాళ్లకు ఆ పద్ధతిని విడిచి తన సహజమైన జుట్టునకే మరలదలచిన యువతి, ఆ నడిమికాలమున తన తలను ఎట్లు కాపాడుకొనవలెను? చూపునకిది చిన్నమాట. కాని పెండ్లియీడు బిడ్డలున్న యింట దీనివలన గలుగు కంటతడి చిన్నది గాదని పలువురు తల్లు లెఱుగుదురు.

శ్రీకాకుళమునకు చేరువ నున్న ఎచ్చెర్లను ఉదాహరణముగా గైకొందము. అచ్చట 2008లో డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయము వెలసెను. ఆ మండలములోనే ఎస్. ఎం. పురమున ట్రిపుల్ ఐటీయు కలదు. ఊళ్లనుండి వచ్చి వసతిగృహములలో నుండి చదువుకొను బాలికలు పెక్కుమంది. ఇంటనున్నన్నాళ్లు వారమున కొకమాఱు తల్లియో అమ్మమ్మయో తలంటి పోసి, చిక్కు దీసి, జడ వేసెడిది. వసతిగృహమున ఆ చేయి లేదు. తీఱికయు తక్కువ. ఉంగరాల జుట్టు చిక్కుపడి బాధించుట సహజము. పట్టణమునకు బోయి స్ట్రెయిటనింగో, స్మూతెనింగో చేయించుకొన్నచో ఆ పీడ వదలునని తోచును. అక్క పెండ్లి, ఉద్యోగపు ఇంటర్వ్యూ, తన పెండ్లిచూపులు, వీనిలో ఏదో యొకటి ముహూర్తమును నిశ్చయించును.

మూడు నెలలు గడచునప్పటికి మాడునుండి అంగుళమున్నర మేర ఉంగరాల జుట్టు మొలచును. క్రిందిది తిన్నగనే యుండును. ఒకే వెండ్రుక రెండు తీరులుగా నగపడును. మరల చేయించుమని స్నేహితురాలు, గుండు చేయించి మ్రొక్కు తీర్చుమని అత్త, నూనె పెట్టి బిగించి జడవేసికొమ్మని తల్లి, ఇట్లు తలకొక సలహా చెప్పుదురు. మా సలహా చెప్పుటకు ముందు, ఆ వెండ్రుకలో జరిగిన మార్పేమో కొంచెము తెలిసికొనవలెను.

వెండ్రుక కెరటిను అను మాంసకృత్తుతో నైనది. ఆ మాంసకృత్తు పోగులను ముఖ్యముగా రెండు విధములైన బంధములు పట్టియుంచును. మొదటిది నీటికి వదలి, ఆఱగానే మరల బిగియునది. వేడి యంత్రముతో ఇంటియొద్ద జుట్టును తిన్నగ జేసినప్పుడు మాఱునది యిదియే. అందుచేతనే సముద్రపుగాలి తేమ తగులు ఎచ్చెర్లవంటి చోట్ల ఉదయపు సొగసు సాయంకాలమువఱకు నిలువదు. రెండవది గంధకముతో నేర్పడిన గట్టి బంధము. పార్లరులలో రీబాండింగునకు వాడు మందు ఈ గట్టి బంధమును విఱిచి, జుట్టును తిన్నగ పఱచి, మరల అతికించును. అట్లు మాఱిన భాగము మొదటి రూపునకు రాదు. మాడుపైన కనబడు వెండ్రుక ప్రాణము లేనిది. గాయము మానినట్లు అది మానదు. ఏ నూనెయు, ఏ పసరును, ఎంత ఖరీదుగల సీసాయు దానిని మరల ఉంగరములుగా చేయజాలదు. కెరటిను పూత యని చేయునది మాత్రము కొన్ని నెలలలో కడుగుడు పడి పోవును; కాని దానికై వాడిన వేడివలన గలిగిన హాని మిగిలియుండును.

అయితే మందు వెండ్రుక కుదుళ్ల తీరును మార్చదు. క్రొత్తగా మొలచునది పుట్టుకనాటి తీరుననే మొలచును. కావున సహజమైన జుట్టునకు మరలుట యనగా పాతదానిని బాగుచేయుట గాదు. క్రొత్తదానిని పెరుగనిచ్చి పాతదానిని క్రమముగా వదలుకొనుట. ఈ యొక్కమాట మనసున నిలిచినచో సగము వ్యయమును, సగము విచారమును తగ్గును.

ఇంత ఓపిక యేల, ఆఱు నెలల కొకమాఱు మరల చేయించుకొన్న పోవును గదా యని కొంద ఱనవచ్చును. జుట్టును సాపుచేయు కొన్ని మందులు వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడు అను ఆవిరిని విడుచును. ఇది మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. దానికి బదులుగా కొన్నిట గ్లయాక్సిలిక్ ఆమ్లము వాడుచున్నారు. దాని సంగతియు వినుడు. 2020, 2021, 2022 సంవత్సరములలో ఒక్కొక్కమాఱు జుట్టును సాపుచేయించుకొన్న 26 ఏండ్ల యువతికి ఆ మూడుమాఱులును మూత్రపిండములు దెబ్బతినెనని ఫ్రాన్సు వైద్యులు 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఉద్దానపు మూత్రపిండవ్యాధికిని దీనికిని సంబంధము కలదని మేము చెప్పుట లేదు. కాని ఆ యవయవము చెడినప్పుడు ఒక కుటుంబము పడు పాట్లు శ్రీకాకుళము జిల్లావారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు 11 ఏండ్లు గమనించిన పరిశోధన ఫలితములు 2022లో వెలువడెను. సాపుచేయు మందులను ఎన్నడును వాడనివారిలో 70 ఏండ్లు వచ్చులోపల గర్భాశయపు క్యాన్సరు నూటికి 1.64 మందికి కలుగగలదనియు, ఏడాదికి నాలుగు మాఱులకంటె నెక్కువగా వాడినవారిలో 4.05 మందికి కలుగగలదనియు లెక్క తేలినది. మందే కారణమని దీనివలన రుజువు కాలేదు. ఒకమాఱు చేయించుకొన్న పిల్ల భయపడి నిద్ర మానవలసిన పనియు లేదు. మాటిమాటికి చేయించుకొనుట మాత్రము ఆలోచింపదగినది. గర్భిణులును బాలింతలును దీని జోలికి పోకుండుటయే క్షేమము.

ఆ దేశపు నల్లజాతి స్త్రీలు తమ చుట్టల జుట్టును కొలువులకొఱకును, బడులకొఱకును తరతరములుగా సాపుచేసికొనవలసి వచ్చెను. సహజమైన జుట్టుతోడనే తిరుగుదుమని వారు పట్టుబట్టగా, జుట్టు తీరును బట్టి కొలువులోను బడిలోను భేదము చూపరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసినది. మన బిడ్డలపై నున్న ఒత్తిడికి చట్టము అక్కఱలేదు. ఇంటివారి మాట చాలును.

ఇక దినచర్యకు వత్తము. మొదటి నిర్ణయము కత్తెరను గూర్చినది. జుట్టు నెలకు సుమారు అరయంగుళము, ఏడాదికి ఆఱంగుళములు పెరుగును. సాపుచేసిన భాగమంతయు ఒకేమాఱు కత్తిరించినచో పని సులువగును. కాని పొట్టిజుట్టుతో నుండుటకు మనసు సిద్ధపడవలెను. అట్లు కానివారు రెండు మూడు నెలల కొకమాఱు అంగుళమో రెండంగుళములో కత్తిరించుచు, రెండేండ్లవఱకు ఓపిక పట్టవలెను. ఉంగరములు ముడుచుకొనును గనుక పెరిగినను పొట్టిగనే కన్పట్టును. దానికి దిగులు పడరాదు. సింహాచలముననో తిరుమలలోనో తలనీలాలు సమర్పింపవలెనని మ్రొక్కున్నచో అదియు నొక మార్గమే. అయితే అది పిల్ల మ్రొక్కై యుండవలెను గాని, ఆమెపై వేసిన శిక్ష కారాదు.

పాతజుట్టు క్రొత్తజుట్టు కలియు చోటే మిక్కిలి బలహీనమైనది, విఱుగుట యచ్చటనే. దినచర్య అంతయు ఆ చోటును కాచుటకే యని తెలియునది.

తలంటుదినమున నీరు పోయుటకు ముందు గంటసేపు కొబ్బరినూనె పట్టింపుడు. వెండ్రుకలోని మాంసకృత్తు నష్టపోకుండ కొబ్బరినూనె కాపాడుననియు, ప్రొద్దుతిరుగుడు నూనెకుగాని ఖనిజతైలమునకుగాని ఆ గుణము కానరాలేదనియు 2003లో ప్రచురింపబడిన పరిశోధన చెప్పుచున్నది. అది కొబ్బరినూనె నమ్ము సంస్థవారు చేసిన పరిశోధనయే యైనను మన యనుభవమునకు విరుద్ధముగా లేదు. ఉద్దానపు కొబ్బరితో తీసిన నూనె దొరికినచో మఱి వెదుకనేల? ఆముదము చిక్కన గనుక విడిగా వలదు. కొబ్బరినూనెలో నాలుగవ వంతు కలిపిన జాలును.

నూనె పట్టిన పిదప జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, మొదట వ్రేళ్లతోను, పిమ్మట వెడల్పు పండ్ల దువ్వెనతోను చిక్కు తీయుడు. కొసనుండి ప్రారంభించి పైకి రావలెను. మాడునుండి క్రిందికి లాగుట, పొడిజుట్టును సన్నపండ్ల దువ్వెనతో దువ్వుట, ఈ రెండును మానవలెను.

కుంకుడురసము మంచిదే, బోరునీరు గట్టిదైనచోట సబ్బువలె అది తెట్టు కట్టదు. కాని కాయతొక్కలతో జుట్టును రుద్దుట ఉంగరాల జుట్టునకు పనికిరాదు. పలుచని రసమును వడగట్టి, మాడునకు మాత్రమే వ్రేళ్లతో పట్టించినచో జాఱు నురుగు కొసలను శుభ్రపఱచును. సీకాయపొడి వాడువారు గంజిలో కలిపి, గుడ్డలో వడియగట్టవలెను. లేనిచో నలుసులు ఉంగరములలో చిక్కుకొని దువ్వునప్పుడు వెండ్రుకను కోయును. వారమున కొకమాఱు, చెమట యెక్కువైన వేసవిలో రెండుమాఱులు చాలును. వసతిగృహమున ఇవి కుదరనిచో ఘాటులేని షాంపూ నీటిలో కలిపి వాడుటలో తప్పులేదు.

పిదప జుట్టునకు జిగురు కావలెను. మందారాకులు నూఱి పిండిన జిగురుగాని, రాత్రి నానవేసి మెత్తగా నూఱి వడగట్టిన మెంతులుగాని కొసలకు పట్టించి, పదినిమిషములుంచి కడుగుడు. కండిషనరు అను పేర అంగడిలో నమ్మునదియు ఇట్టి పనియే చేయును. ముతక తువాలుతో రుద్దక, పాతబడి మెత్తనైన నూలుగుడ్డతో, పొందూరు ఖద్దరు పాతపంచె యున్నచో దానితో, అద్ది నీరు తీయుడు. రాత్రి తడిజుట్టుతో పండుకొనరాదు. తలగడపై పాత పట్టుచీర ముక్క పఱచుకొన్నచో జుట్టు ఒరిపిడికి విఱుగదు.

రెండు తీరులు బయటపడుచున్నవని సిగ్గుపడు పిల్లకు ఒక ఉపాయము. కొంచెము చెమ్మగా నున్నప్పుడు నాలుగైదు వదులైన జడలు వేసి, పూర్తిగా ఆఱిన తరువాత విప్పినచో తిన్నని భాగమునకు గూడ అలలు వచ్చి పైదానితో కలిసిపోవును. ఇంటర్వ్యూకైనను, పెండ్లికైనను మెడపై వదులుముడి చాలును. కణతలు లాగునట్లు బిగించి జడవేయుట మాత్రము వలదు. ఏండ్లతరబడి లాగినచో అచ్చట కుదుళ్లు చెడి నుదురు వెనుకకు పోవును.

దువ్వెనలో జుట్టు చూచి బెదరినప్పుడు ఇట్లు పరీక్షింపుడు. కొసన తెల్లని చిన్నగింజ యున్నది సహజముగ రాలినది. రోజునకు 50 మొదలు 100 వఱకు రాలుట మామూలే. గింజ లేక తునుకలుగా నున్నవి విఱిగినవి; అవి యెక్కువైనచో కత్తెరకు వేళయైనదని తెలిసికొనుడు. కాన్పైన మూడు నెలలకుగాని, గట్టి జ్వరము తగ్గిన తరువాతగాని జుట్టు ఊడుట సాధారణమే. మాడు మండుట, బిళ్లలు బిళ్లలుగా ఊడుట, ఆఱు నెలలైనను తగ్గకుండుట కనబడినచో చిట్కాలు మాని చర్మవైద్యునకు చూపవలెను. రక్తహీనతయో థైరాయిడో కారణమై యుండవచ్చును. మొలచు జుట్టునకు బలము లోపలినుండియే రావలెను. పప్పు, గ్రుడ్డు, చేప, ఆకుకూర, చోడి అంబలి వీనిని తక్కువచూడక పెట్టుడు.

చివర మాట తల్లులతోడను, అత్తలతోడను. తిరుమలలో సమర్పింపబడు తలనీలాలను వేలమున కొని విదేశముల స్త్రీలు సవరములుగా ధరించుచుండగా, మన జుట్టు మనకు కొఱగాకపోయెనా? వంకరలు తిరిగిన ముంగురులను అలకలని మన కావ్యములు కొనియాడెను. ఉంగరాల జుట్టు అను తెలుగుమాటలోనే నగ యొకటి దాగియున్నది. ఇట్టి జుట్టు గల బిడ్డను చిన్ననాటినుండి 'పిచ్చుకగూడు' అని పిలిచి, పెండ్లిచూపులనాడు 'కొంచెము సాపుచేయించుకోరాదా' యని అడుగువారము మనమే. ఆ మాట మానినగాని దినచర్య యెంత చక్కగ వ్రాసినను పనిచేయదు. పెండ్లికొడుకు తరపువారమై పోయినప్పుడును ఈ సంగతి మఱవరాదు.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే యని మన సామెత. ఆ రెండేండ్లును కొప్పు చిన్నదిగనే యుండును. సెలవులకు వసతిగృహమునుండి బిడ్డ యింటికి వచ్చినప్పుడు ఆమె జుట్టును గూర్చి మాట పెంపక, నూనెగిన్నెయు వెడల్పు పండ్ల దువ్వెనయు తెచ్చుకొని ఆమె వెనుక కూర్చుండుడు. కొసనుండి మొదలిడుడు.