సీసాయు, జీతపుబడియు

ఆంగ్లేయుల నోట స్వేచ్ఛ యను మాట రెండు తావుల మిక్కిలి బిగ్గరగా వినవచ్చుచుండును: ఒకటి పానశాలలో, రెండవది జీతపుబడి వాకిట. ఈ స్వేచ్ఛ లెవ్వరివని మే మడుగుచున్నాము.

ఈటన్ కళాశాలను 1440లో ఆరవ హెన్రీ రాజు స్థాపించినది 70 మంది బీదవిద్యార్థులకు ఉచితముగా చదువు చెప్పించుటకు. నేడచ్చట సాలుజీతము 50 వేల పౌండ్లకు పైమాటయే. కొందరికి మినహాయింపు కలదు, లేదనము. కాని నూటికి ఏడుగురికి మించి పిల్లలు జీతపుబడులకు పోని దేశమున, ఈ యొక్క బడినుండియే 20 మంది ప్రధానమంత్రులు వచ్చిరి. ఇట్టి బడులకు 'పబ్లిక్ స్కూళ్ల'ని పేరు!

ఆ యిరువదిమందిలో నొకరగు కామెరన్ గారి ప్రభుత్వము మద్యమునకు కనీసపు ధర నిర్ణయింతుమని 2012లో ప్రకటించి, మరుసటి యేట సాక్ష్యము చాలదని విరమించుకొన్నది. న్యాయవాదులమగు మాకీ మాట క్రొత్త గాదు. సాక్ష్యము చాలదనువాడు తరచుగా సాక్షిని పిలువనొల్లని వాడే. స్కాట్లండు 2012లోనే శాసనము చేసినను, విస్కీ వర్తకులు కోర్టుల కెక్కి 2018 వరకు దాని నమలు జరుగనీయలేదు. అమలైన పిదప కేవలము మద్యమువలన గలుగు మరణములు నూటికి 13 వంతున తగ్గెనని అచ్చటి ప్రజారోగ్యసంస్థ 2023లో అంచనా వేసినది. ఇన్నేండ్లు మ్రింగిన ప్రాణములకు జవాబుదారీ యెవరు?

2024 అక్టోబరు బడ్జెటులో జీతపు చదువుపై నూటికి 20 వంతుల పన్ను విధించి, పానశాలలలో పీపాలనుండి పోయు బీరుపై పన్నును కొంచెము తగ్గించిరి. బీరు సంగతి నట్లుంచి, బడిపన్నుపై గగ్గోలు చెలరేగినది. కడుపు గట్టుకొని బిడ్డలను చదివించుకొను సామాన్యుల గొంతు కోసిరట! మే మా పన్నును తప్పుపట్టము. మద్యపు ధర పెంపు మాట వచ్చినను ఇట్లే పేదవానిని ముందు నిలిపిరి. ఎన్నడు పన్ను మాట వచ్చినను వాడే వారికి డాలు. ఆ బడి పంక్తిలో మాత్రము వానికి విస్తరి లేదు.

ఈ విద్యను మనకును నేర్పిపోయిరి. 1921 మొదలు మద్రాసు రాజధానిలో ద్వంద్వప్రభుత్వమున విద్యాశాఖను, అబ్కారీని దేశీయమంత్రుల కొప్పగించి, ఖజానా తాళపుచెవులను తమయొద్దనే యుంచుకొనిరి. బడి కావలెనన్న కల్లు అమ్మవలె! 1937లో సేలమునందు, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలయందు కాంగ్రెసు మంత్రివర్గము మద్యనిషేధము జరిపినపుడు బడులు మూతపడునని బెదిరించినవారు లేకపోలేదు. 1939లో అమ్మకపుపన్ను వేసి లోటు పూడ్చుకొనిరి.