ఆ చిన్న డబ్బాను అమ్మేసే ముందు ఒకసారి మూత విప్పండి



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. మన గూడేల్లోని స్టడీ సెంటర్లకీ యూత్ గదులకీ పట్నం ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లు వస్తున్నాయి. ఇకముందు ఇంకా ఎక్కువ వస్తాయి, ఎందుకో తర్వాత చెప్తాం. వాటితో మేం పడ్డ తిప్పలు, దాని మీద మా అభిప్రాయం రాస్తున్నాం. ఒప్పుకోకపోతే చెప్పండి, మాట్లాడుకుందాం.

ముందు జరిగింది చెప్తాం. మా సెంటర్ రేకుల షెడ్డు. మధ్యలో సగం గోడ, దానికి అవతల పత్తి నిల్వ చేస్తారు. మూడేళ్ల కింద ఒక సంస్థవాళ్లు మాకు రెండు కంప్యూటర్లు ఇచ్చారు. ఒకటి హార్మోనియం పెట్టెంత ఉంటుంది. రెండోది ఇంకా చిన్నది, లావుపాటి నోటుబుక్కంత. రెండింటిలోనూ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. పాతవే గానీ మంచి మెషీన్లు. టైపింగు, వీడియో పాఠాలు, అప్లికేషన్లు అన్నీ వాటి మీదే నడిచాయి. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు.

మూడో ఏడు మే చివర్లో దోస్త్‌లో డిగ్రీకి వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు. మా ఊరి చెల్లి ఒకామె ఆఖరి రోజు మధ్యాహ్నం కూర్చుంది. ఆఖరి రోజుదాకా ఎందుకు ఆగిందంటారేమో, అప్పటిదాకా తునికాకు కళ్లంలో ఉంది. నాలుగు కాలేజీలు పెట్టిందో లేదో లోపలి ఫ్యాను పిండిమిల్లులా మోత మొదలెట్టింది. మౌస్ కదల్లేదు. తర్వాత స్క్రీను నల్లగా అయిపోయింది. పది నిమిషాలాగి ఆన్ చేస్తే పావుగంట నడిచి మళ్లీ ఆగింది. మూడోసారి అసలు లేవలేదు. ఆటో పట్టుకుని మండల కేంద్రానికి పోయింది. అక్కడ నెట్ సెంటర్లో వరస. ఆమె వంతు వచ్చేసరికి గడువు దాటింది. తర్వాతి విడతలో సీటు వచ్చింది గానీ అనుకున్న కాలేజీ కాదు, హాస్టల్ లేదు. ఇప్పుడు ఇంకో ముగ్గురితో కలిసి గది అద్దెకు తీసుకుని చదువుతోంది. ఆ అద్దె డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మనందరికీ తెలుసు.

ఆ వారమంతా మేం విన్న మాటలు ఇవీ: పిల్లలు సినిమాలు చూసి చెడగొట్టారు. మనోళ్లకు ఇలాంటివి ఇస్తే ఇంతే. వయసైపోయిన మెషీను, ఇంకెన్నాళ్లు నడుస్తుంది? రిపేరు షాపుకు తీసుకుపోతే అక్కడతను స్క్రూ కూడా విప్పకుండానే బోర్డు పోయింది, బాగు చేస్తే నాలుగున్నర వేలు, అమ్మేస్తే ఐదొందలు ఇస్తా అన్నాడు. నిజం చెప్పాలంటే మేం అమ్మడానికే సిద్ధపడ్డాం. అప్పుడే పాలిటెక్నిక్ చదివిన మా అన్న ఒకాయన సెలవుల్లో వచ్చి, అమ్మితే అమ్మండి గానీ ముందు మూత తీసి చూద్దాం అన్నాడు.

తీసి చూస్తే ఏముంది! ఫ్యానుకీ, దాని వెనకున్న అల్యూమినియం రేకుల దిమ్మకీ మధ్య దుప్పటి ముక్కలాంటిది అతుక్కుని ఉంది. పత్తి నూగు, ఎర్రమట్టి దుమ్ము, పక్కింటి పొయ్యి పొగ మూడూ కలిసి మెత్త అయిపోయింది. గోటితో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. దాన్ని కిందపెట్టి అందరం కాసేపు చూశాం. ఎవరం మాట్లాడలేదు. ఆ చెల్లి సీటు పోగొట్టింది అదే. మూడేళ్లలో ఒక్కసారి కూడా మూత తీయనిది మేమే. ఇందులో ఇంకెవరినీ అనడానికి లేదు.

ఈ చిన్న డబ్బాల సంగతి కొంచెం తెలుసుకుంటే మిగతాదంతా సులువు. హార్మోనియం పెట్టెంత దానిలో మాకున్న ప్రాసెసర్ 84 వాట్లది. వెనకటి పీచుబల్బులు గుర్తున్నాయా, 60 వాట్ల బల్బు వెలుగుతుంటే ముట్టుకోలేకపోయేవాళ్లం. దానికంటే ఎక్కువ వేడి, పోస్టు స్టాంపంత చిప్పు మీద పుడుతుంది. దాన్ని రేకుల దిమ్మ, అంటే హీట్ సింక్, పైకి లాగుతుంది. ఫ్యాను ముందునుంచి గాలి పీల్చి ఆ రేకుల సందుల్లోంచి తోసి వెనకనుంచి బయటికి పంపుతుంది. పెద్ద టవర్ డబ్బాలో అయితే లోపల ఖాళీ ఎక్కువ, సందులు కొన్ని మూసుకుపోయినా ఎలాగో నెట్టుకొస్తుంది. చిన్నదానిలో గాలికి ఉన్నది ఒక్కటే దారి. అది మూసుకుంటే ఇక అంతే. నోటుబుక్కంత దానిలో పేరు చివర టీ అక్షరం ఉండే 35 వాట్ల ప్రాసెసర్ పెడతారు, ఆ డబ్బాకు అంతకంటే ఎక్కువ వేడి తట్టుకునే చోటు లేదు కాబట్టి.

వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే ఆ ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. మనకు అదే మెషీను నెమ్మదించినట్టు, మౌస్ ఆగినట్టు కనిపిస్తుంది. ఇంకా పెరిగితే తనే ఆగిపోతుంది. అంటే చెడిపోయినట్టు కాదు, తనను తాను కాపాడుకున్నట్టు. చల్లారాక మళ్లీ లేస్తుంది. ఇలా పావుగంట నడిచి ఆగి, ఆరాక లేచే మెషీను మీ దగ్గర ఉంటే బోర్డు పోయిందని ఎవరు చెప్పినా వెంటనే నమ్మకండి.

శుభ్రం చేశాక చూసుకున్నాం. విండోస్‌లో కోర్ టెంప్ అని చిన్న ప్రోగ్రాం ఉంటుంది, లైనక్స్‌లో అయితే సెన్సార్స్ అని కమాండ్. అంతకుముందు ఊరికే ఆన్‌లో ఉంటేనే 70 దాటేది. తర్వాత అదే షెడ్డులో, అదే ఎండలో 52. వీడియో పాఠం పెడితే 75 లోపే. ఖర్చంతా కలిపి ఐదొందలు కూడా కాలేదు. పెయింటు బ్రష్షు, రబ్బరు బ్లోయరు, చిన్న స్క్రూడ్రైవరు, థర్మల్ పేస్టు ట్యూబు, మొబైల్ రిపేరు షాపువాళ్లు ఐపీఏ అనే ఆల్కహాలు చిన్న సీసా. షాపతను ఇస్తానన్న ఐదొందలూ ఇదీ పక్కపక్కన పెట్టి చూడండి.

చేసేవాళ్లకు నాలుగు మాటలు. వైరు పూర్తిగా పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని అప్పుడు విప్పండి. డబ్బా ఇనప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు పోతుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గిర్రున తిరగనిస్తే దాని బేరింగు పోవచ్చు. మన దగ్గర కట్టెల పొయ్యి పొగ ఉంటుంది కాబట్టి దుమ్ము జిడ్డుగా అంటుకుంటుంది, ఒట్టి గాలికి రాదు, ఆల్కహాలులో ముంచిన బ్రష్షుతో గీకాలి. తడిగుడ్డ మాత్రం వద్దు. హీట్ సింక్ విప్పితే పాత పేస్టు ఎండిన సున్నంలా ఉంటుంది. దాన్ని పూర్తిగా తుడిచేసి కొత్తది కందిగింజంత పెడితే చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. స్క్రూలు ఒక మూలది బిగించాక దాని ఎదురు మూలది, కొంచెం కొంచెంగా. ఫ్యాను వైరు మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు. మేం మర్చిపోయాం, ఆన్ చేయగానే ఫ్యాను లేదని స్క్రీను మీద పడితే గుండె జారిపోయింది!

ఇక్కడినుంచి మా అభిప్రాయం.

చాలాచోట్ల మనోళ్లు మూత తీసేసి పక్కన టేబుల్ ఫ్యాను పెడతారు. మేమూ చేశాం. ఆ పూటకు పనికొస్తుంది, కాదనం. కానీ ఈ డబ్బాల్లో మూత కూడా గాలి దారిలో భాగమే. అది తీస్తే లోపలి ఫ్యాను రేకుల్లోంచి కాకుండా అడ్డం లేనిచోటినుంచి గాలి లాగుతుంది. పైగా దుమ్ము రెట్టింపు, బల్లులు, చీమలు. వెచ్చగా ఉంటుందని బల్లి బోర్డు మీదే పడుకుంటుంది. ఇంకో అలవాటు, దుమ్ము పడకూడదని నడుస్తున్న మెషీను మీద గుడ్డ కప్పడం. ఇది ప్రేమతోనే చేస్తారు, మా సెంటర్లో పూలు కుట్టిన గుడ్డే కప్పారు! కప్పండి, ఆపాక కప్పండి. చిన్నదానికి బయట ఉండే నల్ల అడాప్టరు కూడా వేడెక్కుతుంది, దాన్ని పుస్తకాల కిందా బట్టల కిందా పెట్టొద్దు. గోడకు ఆనించకుండా వెనక జానెడు చోటు వదలండి.

విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే టర్బో ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. పెద్దదానిలో ఇది మంచి చిట్కా, 3.7 గిగాహెర్ట్జ్ దాకా పోయేది 3.3 దగ్గర ఆగుతుంది, తేడా తెలియదు. చిన్నదానిలో మాత్రం 3 నుంచి 2కు పడిపోతుంది. అంటే వేసవి మధ్యాహ్నాలకే పెట్టుకోవాలి, ఏడాదంతా కాదు.

అసలు విషయం ఇంకోటుంది. ఆఫీసు కంప్యూటర్ల మాన్యువళ్లలో చాలావాటిలో గది వేడి 35 డిగ్రీల వరకు అని రాసి ఉంటుంది. భద్రాచలం, కొత్తగూడెం వైపు మే నెలలో బయటే 44, 45. రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో కూర్చున్నవాళ్లకు తెలుసు. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే తోస్తుంది, దానికంటే చల్లగా చేయలేదు. ఏసీ గదిలో పదేళ్లు బతికిన మెషీను మన దగ్గర రెండేళ్లకే ఆగిపోతే అది మన చేతగానితనం ఎట్లా అవుతుంది? మా తాతల మట్టిగోడల గడ్డి ఇళ్లు మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి. పిల్లలు చదువుకునే గదికి మాత్రం రేకులు వేశారు. ఆ రేకుల కింద మెషీనే కాదు, మనుషులూ ఆగిపోతారు. మేం ఇప్పుడు రెండింటినీ ఒక పెంకుటింట్లోకి మార్చాం. వేసవిలో పొద్దున 6 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రమే నడుపుతున్నాం.

మన సీనియర్ అన్నలు కొందరు, పట్నంవాళ్లు వాడి పారేసినవి మనకెందుకు, కొత్తవి అడగాలి అంటారు. ఆ కోపం సరైనదే. అడుగుదాం. కానీ కొత్తది వచ్చినా అదే షెడ్డులోకి, అదే పత్తి నూగులోకి వస్తుంది. మూత విప్పడం మనకు రాకపోతే అదీ మూడేళ్లకు ఐదొందలకే పోతుంది. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపు ఒప్పుకోదు. అందుకే ఆఫీసులు ఇలాంటి డబ్బాలను గుట్టలుగా తీసేస్తున్నాయి. అవి తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తాయి. లైనక్స్ వేసుకుంటే ఇంకా చాలా ఏళ్లు పనికొస్తాయి. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్డీ పెడితే వేగమూ పెరుగుతుంది, లోపల వేడీ కొంత తగ్గుతుంది.

ఇచ్చేవాళ్లను మేం అడగాలనుకుంటున్నది ఒకటే. కంప్యూటరుతోపాటు ఆ ఐదొందల సామాను కూడా ఇవ్వండి, ఫోటోలు దిగి వెళ్లిపోకుండా ఒక పూట కూర్చుని విప్పడం బిగించడం నేర్పండి. కొన్నిచోట్ల పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని మెషీన్లు గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. తాళం వేసిన గదిలోనూ దుమ్ము పడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వాటితోపాటు అమ్మాయిలకు కూడా స్క్రూడ్రైవర్ ఇవ్వండి. మా దగ్గర ఇప్పుడు అందరికంటే చక్కగా పేస్టు పెట్టేది ఇంటర్ చదివే పిల్ల.

మేం గోడ మీద ఒక కాగితం అంటించాం. పత్తి ఏరడం అయ్యాక ఒకసారి, ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒకసారి మూత తీయాలి. తీసినవాళ్లు తేదీ, పేరు, అప్పటి వేడి ఎంతో రాయాలి. ఇప్పటికి నాలుగు పేర్లున్నాయి. ఆ సీటు పోయిన చెల్లిది మూడోది. సంక్రాంతి సెలవుల్లో వచ్చినప్పుడు తనే విప్పింది.

మీ ఊళ్లో ఆగిపోయి మూలన పడేసిన డబ్బాలుంటే వచ్చే నెల రెండో ఆదివారం మా సెంటర్‌కు తీసుకురండి. మానిటర్ తేనక్కర్లేదు, డబ్బా, దాని కరెంటు వైరు చాలు. అన్నీ లేస్తాయని మాట ఇవ్వం. పేస్టు మా దగ్గర ఇంకో పది మెషీన్లకు సరిపోయేంత ఉంది. బ్లోయరు ఒకటే ఉంది, ఉన్నవాళ్లు ఇంకోటి పట్టుకురండి.