రాజన్న ఊళ్ళో మరో గుడి

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించని ఇల్లు మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు పల్లెల్లో అరుదు. మేడారం జాతరకు పోయే ముందు కూడా చాలామంది రాజన్నను చూసే పోతారు. ధర్మగుండంలో స్నానం, కోడెతో ప్రదక్షిణ, భీమేశ్వరుడి దర్శనం, బద్ది పోచమ్మకు బోనం... ఇవన్నీ మీకు తెలిసినవే.

మరి అదే ఊళ్ళో వెయ్యేళ్ళ కిందట శుభధామ జినాలయం అనే జైన గుడి ఉండేదని తెలుసా? వేములవాడ చాళుక్య రాజు రెండో బద్దెగుడు దాన్ని కట్టించాడు. ఆయన కొడుకు మూడో అరికేసరి 966లో ఆ గుడి మరమ్మతులకు, సున్నాలకు, నైవేద్యానికి ఏకంగా ఒక ఊరినే రాసిచ్చాడు. ఇల్లయినా గుడైనా సున్నం పడకపోతే నిలవదని రాజుగారికీ తెలుసన్నమాట! పర్భణీలో దొరికిన రాగి శాసనంలో ఈ సంగతి ఉంది.

ఇప్పుడా జినాలయం లేదు. జైన శిల్పాలు కొన్ని మాత్రం మిగిలాయి. ఊరిని రాసిచ్చినా గుడి నిలవలేదు చూడండి! రోజూ దీపం పెట్టే చేతులుంటేనే ఏ గుడైనా నిలిచేది.

రాజన్న గుడి ఆవరణలోని దర్గాకు కూడా మన అమ్మలు, అమ్మమ్మలు తరతరాలుగా దండం పెట్టుకుంటూ వచ్చారు. పరాయిదని పక్కకు తప్పుకోలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు పాత శిల్పం కనబడితే దాటిపోకండి. దానిమీద కొబ్బరికాయ కొట్టకండి, నూనె పూయకండి. పిల్లలకు చూపించి, మనకన్నా ముందు ఇక్కడ వీళ్ళూ మొక్కుకున్నారని చెప్పండి.