బహుమతి బొమ్మకా, చూపుకా?

ప్రవాసాంధ్ర సంఘాల ఉత్సవాలలో సంగీత, నృత్య, వక్తృత్వ పోటీల సరసన హైస్కూలు విద్యార్థులకు ఛాయాచిత్రాల పోటీ కూడా చోటుచేసుకోవడం హర్షించదగిన విషయం. సంగీతానికి గురువు కావాలి. నాట్యానికి ఏళ్ల సాధన కావాలి. వేదిక ఎక్కడానికి జంకే విద్యార్థి సైతం ఈ పోటీలో ధైర్యంగా పాల్గొనగలడు. కెమెరా ఉన్న ఫోను ఇంచుమించు ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉంది. అయితే ఆ సౌలభ్యమే ఒక చిక్కు ప్రశ్నను ముందుకు తెచ్చింది. ప్రదర్శనలో వరుసగా అమర్చిన చిత్రాలలో న్యాయనిర్ణేతలు తూచవలసినది దేనిని? చిత్రం అందాన్నా, దానిని తీసిన విద్యార్థి పరిశీలననా?

అందాన్ని మాత్రమే తూచితే బహుమతి ఖరీదైన కటకానికో, కంప్యూటరు ప్రోగ్రాముకో, పక్కన నిలబడి అన్నీ సర్దిపెట్టిన తండ్రికో దక్కే ప్రమాదం ఉంది. అందుచేత ప్రతి చిత్రంతోపాటు మార్పులు చేయని అసలు ఫైలును, చిత్రాన్ని ఎలా తీశారో, అందులో కనిపిస్తున్నదేమిటో విద్యార్థి స్వయంగా రాసిన వివరణను సంఘాలు కోరాలి. ఆ వివరణకు సగం మార్కులు కేటాయించాలి. ఇది పిల్లలపై అదనపు భారం కాదు; వారి శ్రమకు రక్షణ.

ఛాయాచిత్రం పరిశీలనకు సాధనం కాగలదని నిరూపించినవారిలో ఒక రైతు బిడ్డ ఉన్నాడు. అతడు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే ఊరికి చెందిన విల్సన్ బెంట్లీ. చిన్నతనంలో అతనికి చదువు చెప్పినది తల్లే. ఆమె ఇచ్చిన సూక్ష్మదర్శినిలో మంచు స్ఫటికాలను చూస్తూ వాటి బొమ్మలను చేత్తో గీయబోయాడు. బొమ్మ పూర్తయ్యేలోగా స్ఫటికం కరిగిపోయేది. తల్లి నచ్చజెప్పగా తండ్రి కెమెరా కొనిచ్చాడు. దానిని సూక్ష్మదర్శినికి జోడించి, ఎన్నోమార్లు విఫలుడై, చివరకు 1885 జనవరి 15న ఒక స్ఫటికాన్ని చిత్రంలో నిలపగలిగాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు నిండలేదు. 1931లో మరణించేనాటికి 5,000కు పైగా మంచు స్ఫటికాల చిత్రాలు తీశాడు. వాటి అందం అందరికీ తెలిసినదే. కాని హిమపాతం జరిగిన ప్రతిసారీ ఉష్ణోగ్రత, గాలి, మబ్బుల తీరు వంటివి రాసిపెట్టుకోవడంవల్లనే ఆ చిత్రాలు శాస్త్రానికి అక్కరకు వచ్చాయి. రాత లేకుంటే అవి ముచ్చటైన బొమ్మలుగానే మిగిలిపోయేవి.

బెంట్లీ పనితీరులో మరొక అంశం నేటి పోటీలకు ఇంకా ముఖ్యమైనది. స్ఫటికపు అంచులు స్పష్టంగా కనిపించడానికి ఆయన నెగటివ్‌కు నకలు తీసి, ఆ నకలుమీద స్ఫటికం చుట్టూ ఉన్న పొరను చాకుతో గీకివేసేవాడు. అచ్చువేసినప్పుడు నేపథ్యం నల్లగా వచ్చేది. ఇలా గీకడంవల్ల స్ఫటికాల రూపం చెడుతున్నదని జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త గుస్తావ్ హెల్మన్ ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. అయితే మార్పు జరిగినది నకలుమీద. అసలు నెగటివ్ చేతిలో ఉన్నంతకాలం ఏది ప్రకృతి చేసినదో, ఏది చాకు చేసినదో పోల్చి చూడవచ్చు. పోటీలకు కావలసిన నియమం ఇదే. చిత్రాన్ని దిద్దడం నేరం కాదు. దిద్దిన సంగతిని దాచడం నేరం.

చిత్రాన్ని కంటితో చూసి నిజానిజాలు తేల్చగలమన్న ధీమా ఇక చెల్లదు. 2023లో సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డ్స్‌లో ఒక విభాగంలో నెగ్గిన జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్, తన చిత్రం కృత్రిమ మేధతో తయారైనదని ప్రకటించి బహుమతిని నిరాకరించారు. మరుసటి ఏడు దీనికి విలోమంగా జరిగింది. మైల్స్ ఆస్ట్రే అనే ఛాయాగ్రాహకుడు కెమెరాతో తీసిన ఫ్లెమింగో పక్షి చిత్రాన్ని మరొక పోటీలో కృత్రిమ మేధ విభాగానికి పంపగా, దానికి బహుమతి లభించింది. నిజం బయటపడ్డాక చిత్రం అనర్హమైంది. ఆరితేరిన న్యాయనిర్ణేతలకే ఇంత కష్టమైనప్పుడు, సంఘంలో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలపాటు కూర్చునే స్వచ్ఛంద కార్యకర్తలనుండి అంతకుమించిన నేర్పును ఆశించడం న్యాయం కాదు.

చిత్రానికి వివరణ జోడించే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ హైస్కూలు విద్యార్థుల కోసం ప్రారంభించిన ఛాయాచిత్రాల పోటీలో, చిత్రంలోని భౌతికశాస్త్ర సూత్రాన్ని వివరిస్తూ చిన్న వ్యాసం జతచేయాలన్నది నిబంధన. సహజంగా కనబడిన దృశ్యాలకు ఒక విభాగం, కావాలని అమర్చి తీసినవాటికి మరొక విభాగం ఏర్పరచారు. అమర్చడాన్ని తప్పుపట్టకుండా దానికి విడిగా చోటు చూపడంలోని విజ్ఞత గమనార్హం.

ఇటువంటి చిత్రానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఇంట్లోని ఇనుప దోసె పెనం చాలు. పెనం వేడి 100 డిగ్రీల సెల్సియస్‌ను కాస్త దాటినప్పుడు చిలకరించిన నీరు చుయ్‌మని వెంటనే ఆవిరైపోతుంది. వేడి సుమారు 200 డిగ్రీలకు చేరితే అదే నీరు ముత్యాలవలె గుండ్రని బొట్లుగా మారి పెనమంతా పరుగులు తీస్తుంది. బొట్టు అడుగున పుట్టిన ఆవిరి పలుచని పొరగా ఏర్పడి బొట్టును పైకెత్తి ఉంచుతుంది. ఆవిరిగుండా వేడి నెమ్మదిగా ప్రసరించడంవల్ల ఎక్కువ వేడిలోనే బొట్టు ఎక్కువసేపు నిలుస్తుంది. 1756లో దీనిని వివరించిన లైడెన్‌ఫ్రాస్ట్ పేరు ఈ ప్రక్రియకు స్థిరపడింది. పెద్దల సమక్షంలో, ఫోనును వేడి తగలని దూరాన పెనం అంచుకు సమానమైన ఎత్తులో నిలిపి, బొట్టు వెనుకనుండి వెలుగు పడేలా చూస్తే, బొట్టుకూ పెనానికీ నడుమ వెంట్రుకవాసి సందు కనిపించవచ్చు. ఆ సందును పట్టుకోవడానికి పిల్లలు యాభైసార్లు ప్రయత్నిస్తే, ఆ యాభైసార్లూ వారు నేర్చుకున్నట్లే.

ఈ పద్ధతికి అభ్యంతరాలు లేకపోలేదు. కళకు వ్యాఖ్యానం అనవసరమని కొందరంటారు. ప్రదర్శనశాలలో ఆ మాట నిజమే కావచ్చు. కాని విద్యార్థుల పోటీ ఉద్దేశం చిత్రాలను సేకరించడం కాదు, చూడనేర్చిన పిల్లలను తయారుచేయడం. భావప్రధానమైన చిత్రమైనా, ఆ వేళనే, ఆ కోణాన్నే ఎందుకు ఎంచుకున్నారో నాలుగు వాక్యాలలో చెప్పించడం కళకు అపచారం కాదు. వివరణను కూడా తల్లిదండ్రులే రాసిపెడతారన్నది రెండవ అభ్యంతరం. ఇది మరింత బలమైనది. దీనికి విరుగుడు అయిదు నిమిషాల ముఖాముఖి. చిత్రం తీసిన విద్యార్థి “వెలుగు ఎటునుండి వచ్చింది? మొదటి ప్రయత్నం ఎందుకు చెడింది?” అన్న ప్రశ్నలకు తడుముకోడు. చెడిపోయిన చిత్రాల గురించి తీసినవారు తప్ప ఇతరులు చెప్పలేరు.

ఈ పోటీని పాఠశాలకు విడిచిపెట్టక తెలుగు సంఘమే నిర్వహించడంలో మరొక ప్రయోజనం ఉంది. వివరణను తెలుగులో రాసేవారిని, తెలుగులో చెప్పేవారిని ప్రత్యేకంగా ప్రోత్సహించవచ్చు. పరావర్తనం, వక్రీభవనం వంటి మాటలను పట్టికలో బట్టీపట్టించడం కన్న, తాను తీసిన చిత్రంలోనే వాటిని గుర్తింపజేయడం మేలు. నీళ్లు చిలకరించి, చప్పుడునుబట్టి పెనం కాగిందో లేదో చెప్పగల అమ్మమ్మ చేతిలోని అనుభవం, మనుమరాలి చిత్రం పక్కన శాస్త్రంగా నిలిస్తే, ఆ రెండు తరాల నడుమ మాట కలుస్తుంది. ఉచ్చారణ తడబడినంత మాత్రాన మార్కులు తగ్గించకూడదు.

రానున్న ఉత్సవాలకు నియమావళి సిద్ధం చేసే కార్యవర్గాలు మూడు వాక్యాలను అందులో చేర్చితే చాలు: అసలు ఫైలు ఇవ్వాలి; చేసిన మార్పులు చెప్పాలి; తీసినవారే వివరించాలి. దీనివల్ల పోటీకి వచ్చే చిత్రాల సంఖ్య కొంత తగ్గవచ్చు. కాని ఓడిపోయిన విద్యార్థి కూడా ఒక విషయాన్ని శ్రద్ధగా చూసి, దానిని పదిమందికి చెప్పి ఇంటికి వెళతాడు. గెలిచినవారికి ఇచ్చే జ్ఞాపికకన్న అది విలువైనది.